స్టీల్ 72 మళ్లీ నీళ్లలోకి: రెండు పాత ట్యాంకులు, ఒక జె-వాల్వ్

పని మొదలైంది. బల్ల మీద రెండు ట్యాంకులు ఉన్నాయి, నీళ్ల కింద ఊపిరి పీల్చడానికి డైవర్లు వీపున వేసుకునే గాలి ట్యాంకులు. రెండూ డైవర్లు ‘స్టీల్ 72’ అనే రకమే. అల్యూమినియం ట్యాంకులు వచ్చి వాటి చోటు తీసుకునేదాకా, 1960ల్లో అమెరికాలో సరదాగా డైవింగ్ చేసేవాళ్ల వీపు మీద మామూలుగా కనిపించినవి ఇవే. ఒకటి గాల్వనైజ్ చేసిన బూడిద రంగుది, దానికి జె-వాల్వ్ ఉంది, అంటే కొంచెం గాలిని రిజర్వ్‌గా ఆపి ఉంచే పాతకాలం వాల్వ్. రెండోది పసుపు పెయింట్ వేసినది, రిజర్వ్ లేని మామూలు కె-వాల్వ్, లోపల ఏదో పూత కూడా ఉన్నట్టుంది. ఇకపై బూడిదది, పసుపుది అనే రాస్తాను.

వీటిని అలమారలో పెట్టుకోవడానికి బాగుచేయడం లేదు, నీళ్లలోకి తీసుకెళ్లడానికే. అందుకే పని వరస ముందే రాసుకున్నాను: స్టాంపులు చదవాలి, గాలి తీయాలి, లోపల చూడాలి, తుప్పు తీయాలి, హైడ్రో టెస్ట్‌కి (నీటి ఒత్తిడితో చేసే పరీక్షకి) పంపాలి, వాల్వ్ విప్పాలి, రంగు సంగతి ఆఖరున చూడాలి. పాత ట్యాంకు దొరికిన చాలామంది ముందు బయట గీకి, రుద్ది, కొత్త పెయింట్ వేసి, ఆ తర్వాత టెస్ట్‌కి తీసుకెళ్తారు. అది తలకిందుల పని. ఉక్కు ట్యాంకు బతికేదీ చచ్చేదీ లోపలి నుంచే. బయట ఎంత మెరిసినా లోపలి గోడ గురించి అది ఒక్క ముక్క చెప్పదు.

స్టాంపులు

మెడ దగ్గర భుజం మీద సబ్బునీళ్లు పోసి, మెత్తటి ఇత్తడి బ్రష్‌తో మట్టి వదలగొట్టి, టార్చ్‌ని పక్క నుంచి వాలుగా పట్టుకుని చూస్తే అక్షరాలు లేచి కనిపిస్తాయి. ఇంకా మసగ్గా ఉంటే తెల్ల సుద్ద రుద్ది తుడిస్తే చాలు. గ్రైండర్ కానీ, ఆకురాయి కానీ ఆ భుజం దగ్గరికి రానివ్వకూడదు. స్టాంపు చదవడానికి వీల్లేకుండా పోయిన ట్యాంకుని టెస్ట్ చేసేవాళ్లు ముట్టుకోరు, అది ఎంత మంచిదైనా సరే.

బూడిదదాని మీద: ఐసీసీ-3ఏఏ2250, కింద సీరియల్ నంబరు, తయారీ గుర్తు, ఆ తర్వాత 6-64, పక్కన ఒక ప్లస్ గుర్తు. ఐసీసీ అంటే అమెరికా ఇంటర్‌స్టేట్ కామర్స్ కమిషన్. సిలిండర్ల నియమాలు తర్వాత రవాణా శాఖ చేతికి వెళ్లాక స్టాంపులో డీవోటీ అని రావడం మొదలైంది, అందుకే ఐసీసీ కనిపిస్తే అది పాత సరుకని వెంటనే తెలిసిపోతుంది. 3ఏఏ అనేది ఉక్కు రకం, వేడిచేసి గట్టిపరిచిన మిశ్రమ ఉక్కు, అంతకు ముందరి 3ఏ కన్నా పల్చటి గోడతోనే అదే ఒత్తిడి తట్టుకుంటుంది. 2250 అంటే పని ఒత్తిడి, పీఎస్ఐలో (చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లని), సుమారు 155 బార్. 6-64 అంటే 1964 జూన్‌లో మొదటి హైడ్రో టెస్ట్ అయిందన్నమాట. నెలకీ సంవత్సరానికీ మధ్య ఉన్న చిన్న గుర్తు అప్పటి తనిఖీదారుది.

ప్లస్ గుర్తు సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఈ ట్యాంకు పేరులోని 72 దాని మీదే ఆధారపడి ఉంది. ప్లస్ ఉంటే రాసి ఉన్న ఒత్తిడి కన్నా 10 శాతం ఎక్కువ, అంటే 2475 పీఎస్ఐ దాకా నింపవచ్చు. అంత నింపితేనే 71.2 ఘనపుటడుగుల గాలి పడుతుంది. ప్లస్ లేకుండా 2250 దగ్గర ఆపితే 65 లోపే. లోపలి నీటి పరిమాణం సుమారు 12 లీటర్లు. ఆ మొదటి ప్లస్ జీవితాంతం వర్తించదు, ప్రతి హైడ్రోలో మళ్లీ సంపాదించుకోవాలి.

పసుపుది డీవోటీ 3ఏఏ2250, 1971. దాని మీద తర్వాతి టెస్ట్ తేదీలు కూడా ఒకటి రెండు ఉన్నాయి, కానీ చాలా ఏళ్లుగా కొత్తది లేదు.

ఇంకొకటి కూడా ఇక్కడే చూసుకోవాలి, మెడ మర. ఇంకా పాత ట్యాంకుల్లో అర అంగుళం సన్నబడే మర ఉండేది, వాల్వ్‌ని టెఫ్లాన్ టేపు చుట్టి బిగించేవాళ్లు. తర్వాత వచ్చినవి ముప్పావు అంగుళం నిటారు మర, సీల్ చేసేది ఓ-రింగ్ అనే రబ్బరు వలయం. నావి రెండూ ముప్పావువే. యూరప్ ట్యాంకుల్లో ఎం25 మర ఉంటుంది, దాని వాల్వ్ ముప్పావు మెడలో కొన్ని చుట్లు తిరుగుతుంది కూడా, పట్టింది కదా అనిపిస్తుంది. గాలి నింపేటప్పుడు ఎగిరొస్తుంది. ఇలా ప్రాణాలు పోయాయి. వాల్వ్ మీద, మెడ మీద రెండు చోట్లా ఏం రాసుందో చదవకుండా ఏ పాత వాల్వ్‌నీ ఏ పాత ట్యాంకులోనూ తిప్పొద్దు.

గాలి తీయడం

కె-వాల్వ్ తేలిక. నాబ్ మెల్లగా తిప్పితే చిన్నగా బుస్సుమని కొంచెం గాలి వచ్చింది, ఆగింది.

జె-వాల్వ్ దగ్గరే జాగ్రత్త. ప్రెషర్ గేజ్‌లు అందరి చేతికీ రాని రోజుల్లో గాలి అయిపోవస్తోందని డైవర్‌కి తెలియజేసింది ఈ వాల్వే. లోపల ఒక స్ప్రింగ్ ఉంటుంది. ట్యాంకులో ఒత్తిడి బాగా ఉన్నంతసేపు గాలే ఆ స్ప్రింగ్‌ని నెట్టుకుని బయటికి వస్తుంది. ఒత్తిడి సుమారు 300 పీఎస్ఐకి పడిపోగానే స్ప్రింగ్ గెలుస్తుంది, దారి మూసుకుంటుంది, ఊపిరి పీల్చడం బరువవుతుంది. అప్పుడు డైవర్ వీపు వెనక్కి చెయ్యి పెట్టి వాల్వ్ లివర్‌కి తగిలించిన చువ్వ కిందికి లాగితే లివర్ తిరిగి స్ప్రింగ్‌ని పైకి ఎత్తేస్తుంది, మిగిలిన గాలితో పైకి వచ్చేయాలి. చాలా తెలివైన ఏర్పాటు.

ఇప్పుడు బల్ల దగ్గరికి వద్దాం. లివర్ పైకి ఉన్న జె-వాల్వ్ నాబ్ తెరిచారనుకోండి, గాలి వచ్చి ఆగిపోతుంది, ఖాళీ అయిందనుకుంటారు. లోపల ఇంకా 300 పీఎస్ఐ ఉండవచ్చు. ముప్పావు మెడ మీద ఆ ఒత్తిడి వేసే తోపు 100 కిలోల పైమాటే. ఆ స్థితిలో వాల్వ్ ఆఖరి చుట్టు విప్పడం అంటే ముఖం ముందు ఫిరంగి పెట్టుకున్నట్టు. కాబట్టి ముందు లివర్ కిందికి, ఆ తర్వాతే నాబ్. బూడిదదానికి నాబ్ ముందే తెరిచి ఉంది, చప్పుడేమీ లేదు. లివర్ కిందికి దించగానే చాలాసేపు గాలి వస్తూనే ఉంది. మా తమ్ముడు పక్కనే ఉన్నాడు. “అన్నా, ఇందాక ఖాళీ అన్నట్టే ఉంది కదా” అన్నాడు. అదే మరి.

అది కూడా సరిపోదు. వాల్వ్ అడుగున ట్యాంకులోకి దిగే సన్నటి గొట్టం తుప్పు పొట్టుతో మూసుకుపోతే తెరిచినా గాలి రాదు. అందుకే వాల్వ్ నోటికి అడాప్టర్ తగిలించి పంపుతో కొంచెం గాలి లోపలికి పంపాను, అది సాఫీగా వెళ్లి మళ్లీ సాఫీగా బయటికి వచ్చింది. దారి తెరిచే ఉందని తేలాకే వాల్వ్ మీద పానా వేశాను. విప్పేటప్పుడు ముఖం పక్కకి.

ఆ పాత గాలి ఎవరూ పీల్చకూడదు. తడి ఉన్న ఉక్కు ట్యాంకు ఏళ్ల తరబడి మూసి ఉంటే తుప్పు పట్టడానికి లోపలి ఆక్సిజనే ఖర్చవుతుంది. గేజ్ మామూలు ఒత్తిడే చూపిస్తుంది, వాసన ఉండదు, కానీ అందులో మనిషిని బతికించే ఆక్సిజన్ ఉండకపోవచ్చు. పాత ట్యాంకు కొన్నవాళ్లు ‘ఇంకా గాలి ఉంది, చూద్దాం’ అని పీల్చడానికి రెగ్యులేటర్ (గాలిని నోటికి అందించే పరికరం) తగిలించడం చూస్తే నాకు నిజంగా టెన్షన్ వస్తుంది.

లోపల చూడటం

సన్నటి వైరు చివర చిన్న ఎల్‌ఈడీ బల్బు దింపి, పళ్ల డాక్టర్లు వాడే అద్దంతో మెడ లోపలి అంచు చూసి, తర్వాత బోర్‌స్కోప్ కెమెరా దింపాను. ముందు తలకిందులు చేసి ఒక తెల్ల కాగితం మీద తట్టాను. ఏం రాలుతుందో అదే సగం కథ చెబుతుంది.

బూడిదదాంట్లోంచి ఎర్రటి మెత్తటి పొడి రాలింది, పొట్టు లేదు. లోపల అడుగున ఎర్రటి వలయం, గోడ మీద పల్చగా కమ్మిన తుప్పు, పై సగంలో నల్లటి గట్టి పొర. ఆ నల్లది మాగ్నటైట్, అది ఉక్కుని అంటిపెట్టుకుని ఉంటుంది, దానితో పెద్ద గొడవ లేదు. ఎర్రది వేరు, అది రాలుతూ ఉంటుంది, కింద ఇంకా కొత్తగా తయారవుతూ ఉంటుంది. వలయం అడుగున ఉందంటే ఈ ట్యాంకుని నిలబెట్టే దాచారు. అది అదృష్టం. ఈ ట్యాంకుల అడుగు గోడ కన్నా మందంగా ఉంటుంది. పడుకోబెట్టి దాచితే లోపలి చెంచాడు నీళ్లూ పక్క గోడ పొడుగునా గీతలా నిలుస్తాయి, పల్చటి చోటే గీత పొడుగునా తినేస్తాయి. విడి గుంట కన్నా గీతలా సాగిన గుంటల వరస చాలా ప్రమాదం, చీలిక పడితే ఆ గీత వెంటే పడుతుంది.

పసుపుది తెరవగానే లోపల నున్నగా, గోధుమ రంగులో మెరుస్తూ కనిపించింది. తమ్ముడు “ఇది కొత్తదానిలా ఉందే” అన్నాడు. నాకు అదే నచ్చలేదు. కొన్ని ట్యాంకులకి తుప్పు పట్టకుండా ఫ్యాక్టరీలోనే లోపల ఫినాలిక్ అనే గట్టి రెసిన్ పూత వేశారు. పూత ఎక్కడా చిట్లనంత కాలం బాగానే ఉంటుంది. ఒక్క చోట చిట్లితే తడి దాని కిందికి దూరి, ఎండే దారి లేక అక్కడే కూర్చుని తింటుంది, పైనుంచి చూసేవాడికి ఏమీ కనబడదు. కెమెరా అడుగుకి దించి మెల్లగా తిప్పితే గోడా అడుగూ కలిసే వంపు దగ్గర చిన్న చిన్న బొబ్బలు ఉన్నాయి. ఒక బొబ్బని పొడవాటి చువ్వతో తాకితే పగిలి కింద నుంచి నల్లటి తడి పొడి వచ్చింది.

తుప్పు తీయడం

ట్యాంకులో మూడో వంతు నుంచి సగం దాకా అల్యూమినియం ఆక్సైడ్ ముక్కలు పోసి, నీళ్లు, కొంచెం గిన్నెల సబ్బు వేసి, మెడకి రబ్బరు బిరడా బిగించి, రెండు రోలర్ల మీద పడుకోబెట్టి మోటారుతో మెల్లగా తిప్పాలి. వేగంగా తిప్పితే ముక్కలు గోడకి అతుక్కుని దానితోపాటే తిరుగుతాయి, రాపిడి ఉండదు. లోపల ముక్కలు జారుతున్న చప్పుడు ఒకేలా వినబడుతూ ఉంటే వేగం సరిగ్గా ఉన్నట్టు. మధ్యమధ్యలో ఆపి, నీళ్లు ఒంపి, చూసి, కొత్త నీళ్లు పోసి మళ్లీ తిప్పాను. మొదట వచ్చిన నీళ్లు ఇటుక రంగు, తర్వాత బూడిద రంగు. బూడిద రంగు వచ్చిందంటే తుప్పు పోయి ముక్కలు ఉక్కునే తాకుతున్నాయని. అక్కడితో ఆపాలి. గోడ మందాన్ని మనమే అరగదీయకూడదు.

ఇందులో యాసిడ్ వాడే పద్ధతులు కూడా చెబుతారు. నేను వాడను. గట్టిపరిచిన ఉక్కుకి బలమైన యాసిడ్ అంటితే హైడ్రోజన్ లోపలికి దూరి పెళుసుబారే ప్రమాదం ఉంది, పైగా గుంటల్లో మిగిలిన యాసిడ్‌ని పూర్తిగా కడగడం మెడ రంధ్రంలోంచి అయ్యే పని కాదు.

అసలు హడావిడి అంతా కడిగాక. శుభ్రమైన ఉక్కు తడిగా ఉంటే కళ్ల ముందే నారింజ రంగు కమ్ముతుంది. అందుకే ఆఖరి కడుగు బాగా వేడి నీళ్లతో చేశాను, ట్యాంకు గోడ చేత్తో పట్టుకోలేనంత వేడెక్కేదాకా. ఆ వేడే లోపలి తడిని ఎగరగొడుతుంది. నీళ్లు ఒంపిన వెంటనే తలకిందులుగా నిలబెట్టి, అడుగుదాకా గొట్టం పెట్టి, ఫిల్టర్ చేసిన పొడి గాలి వదిలాను. కంప్రెసర్ గాలి వాడేటట్టయితే అందులో నూనె లేదని తెలిసి ఉండాలి. నూనె, అధిక ఒత్తిడి, ఆక్సిజన్ మూడూ ఒకచోట చేరకూడదు.

బూడిదదాని లోపల ఇప్పుడు ఒకే తీరు బూడిద రంగు. అడుగు వలయం ఉన్నచోట గుంటలు ఉన్నాయి, కానీ లోతు లేనివి, విడివిడిగా ఉన్నవి. కెమెరాలో ఒక గుంటని దగ్గరగా చూస్తే అంచులు గుండ్రంగా, లోపల మెరుపుగా ఉంది, తుప్పు మిగల్లేదు.

పసుపుదాని పూత రోలర్ మీద చాలాసేపు తిప్పితే కానీ వదల్లేదు. వదిలాక చూస్తే బొబ్బలున్న వంపు పొడుగునా గుంటలు ఒకదానికొకటి కలిసిపోయి ట్యాంకు చుట్టూ మూడో వంతు దూరం సాగాయి. పూత ఉన్న రోజు వీటిలో ఒక్కటీ కనబడలేదు. అయినా తీర్పు నాది కాదు, టెస్ట్ చేసేవాళ్లది. రెండూ పంపాను.

హైడ్రో టెస్ట్

అమెరికా నియమం ప్రకారం ఈ ట్యాంకులకి 5 ఏళ్లకొకసారి హైడ్రో తప్పదు. అది కాక ఏటా ఒకసారి లోపలా బయటా చూసే తనిఖీ డైవింగ్ వాళ్లు పెట్టుకున్న పద్ధతి. 3ఏఏ ట్యాంకుకి వయసు పరిమితి అంటూ లేదు, టెస్ట్ పాసైనంత కాలం వాడొచ్చు. ఇది తెలియనివాళ్లు ఈ రంగంలోనే ఉన్నారు. నేను మొదట అడిగిన ఒక షాపువాళ్లు సంవత్సరం చూసి, లోపలికి తొంగి కూడా చూడకుండా ‘ఇంత పాతవి మేం తీసుకోం’ అని పంపించేశారు. ఏం తీసుకోవాలో వాళ్ల ఇష్టం, కాదనను. కానీ సంవత్సరం చూసి ఉక్కు గురించి తీర్పు చెప్పడం తప్పు. 1964 ట్యాంకు బాగుండి 1971 ట్యాంకు పాడై ఉండటం ఇక్కడే చూస్తున్నాం.

టెస్ట్ ఇలా జరుగుతుంది. ట్యాంకుని నీళ్లతో నింపి, నీళ్లున్న ఇంకో పెద్ద గట్టి పాత్రలో దించి మూస్తారు. ట్యాంకు లోపలి నీటిని పని ఒత్తిడికి మూడింట ఐదు వంతులకి, అంటే 2250 ట్యాంకుకి 3750 పీఎస్ఐకి ఎక్కిస్తారు. ట్యాంకు కొంచెం ఉబ్బుతుంది, ఉబ్బిన మేరకు బయటి పాత్రలోని నీళ్లు గొట్టంలోకి ఎక్కుతాయి, అది కొలుస్తారు. ఒత్తిడి తీసేశాక ట్యాంకు తిరిగి ముడుచుకోవాలి. ముడుచుకోకుండా మిగిలిపోయిన ఉబ్బు మొత్తం ఉబ్బులో 10 శాతం దాటితే ఫెయిల్. గాలికి బదులు నీళ్లు ఎందుకంటే నీళ్లు దాదాపు నొక్కుకుపోవు, ఒకవేళ ట్యాంకు పగిలినా పేలుడు ఉండదు.

ప్లస్ కావాలంటే ఇంకో లెక్క కూడా చూడాలి. తిరిగి ముడుచుకునే ఉబ్బు ఎంత అన్నది గోడ మందాన్ని చెబుతుంది, గోడ పల్చబడితే అది పెరుగుతుంది. ఆ ట్యాంకు రకానికి తయారీదారు ఇచ్చిన హద్దు కన్నా పెరిగితే ప్లస్ ఇవ్వరు. పాత 72ల మీద ఆ హద్దు అంకె కొట్టి ఉండదు, టెస్ట్ చేసేవాళ్ల దగ్గర పట్టిక ఉండాలి. లేకపోతే మామూలు టెస్ట్ చేసి, ప్లస్ లేకుండా పంపేస్తారు. అందుకే ట్యాంకు ఇచ్చే ముందే ‘ప్లస్ చేస్తారా’ అని అడగాలి. ఇచ్చాక అడిగితే లాభం లేదు.

ఫలితాలు వచ్చాయి. బూడిదది పాస్, మిగిలిపోయిన ఉబ్బు 10 శాతానికి చాలా దిగువన, ప్లస్ కూడా వచ్చింది. భుజం మీద కొత్త తేదీ, నెలకీ సంవత్సరానికీ మధ్య టెస్ట్ చేసినవాళ్ల నాలుగు అక్షరాల గుర్తు, పక్కన ప్లస్. 1964 స్టాంపు పక్కనే ఆ కొత్త అక్షరాలు చూసి ఎంత సంతోషం వేసిందో.

పసుపుది ఒత్తిడి దాకా వెళ్లనే లేదు. లోపలి తనిఖీలోనే ఆపేశారు, గుంటల వరస వల్ల. 3ఏఏ2250 అన్నచోట ఎక్స్‌లు కొట్టి ఇచ్చారు. ఆ ట్యాంకు ఇక ఎవరూ ఎప్పుడూ నింపకూడదు. దాన్ని పొడుగ్గా రెండు ముక్కలు కోయించాను. గోడ అంచుని ఇసక కాగితంతో రుద్ది భూతద్దం పెట్టి చూస్తే, వంపు దగ్గర ఒక గుంట గోడలో సగం దాకా దిగింది, అడుగున ఇంకా సూదిమొనంత సన్నటి రంధ్రం లోపలికి పోతోంది. దానికి వేలెడు దూరంలో, పూత చిట్లకుండా నిలిచిన చోట ఉక్కు ఫ్యాక్టరీ నుంచి వచ్చినంత శుభ్రంగా ఉంది. మా తమ్ముడు ఆ ముక్కని చాలాసేపు చేతిలో తిప్పి తిప్పి చూసి, “నేను కొత్తదన్నది దీన్నే కదన్నా” అన్నాడు. ఆ సగం ముక్క బల్ల పక్కనే పెట్టాను, లోపల పూత ఉన్న ట్యాంకు కొంటానని ఎవరు వచ్చినా అదే చూపిస్తాను.

జె-వాల్వ్

ఇత్తడి బాడీ, మీద క్రోమ్ పూత. మర దగ్గర, నాబ్ కింద పచ్చగా చిలుం పట్టింది. వరసగా విప్పాను: నాబ్ నట్, స్ప్రింగ్, నాబ్, బానెట్ నట్, స్టెమ్, టెఫ్లాన్ వాషరు, సీటు (గాలి దారిని మూసే మెత్తటి బిళ్ల). రెండో వైపు లివరు, క్యామ్, రిజర్వ్ స్ప్రింగు, దాని సీటు. ఏది ఏ వైపు చూస్తూ ఉందో ఫోటో తీసుకుంటూ విప్పితేనే మళ్లీ బిగించేటప్పుడు తడుముకోవాల్సిన పని ఉండదు. రబ్బరు, టెఫ్లాన్ భాగాలేవీ మళ్లీ వాడను, కొత్తవే.

లోహ భాగాలని సగం వెనిగర్, సగం వేడి నీళ్లలో వేశాను. ఎదురుగా కూర్చుని చూస్తూ ఉండాలి, అరగంట లోపే తీసేయాలి. తీసి వంటసోడా నీళ్లలో ముంచి, మంచి నీళ్లలో కడిగి, గాలి కొట్టి ఆరబెట్టాను. చిలుం పోయాక ఇత్తడి రంగు చూడాలి. పసుపుగా ఉంటే మంచిది. పైపైన కాస్త గులాబీ రంగు వెనిగర్ వల్ల రావచ్చు, రుద్దితే పోతుంది. రుద్దినా పోని గులాబీ మచ్చలు, ముఖ్యంగా మరల దగ్గర, ఉంటే ఇత్తడిలోని జింక్ కరిగిపోయి రాగి మాత్రం మిగిలిందని అర్థం. ఆ వాల్వ్ చూడ్డానికి గట్టిగానే ఉంటుంది, బలం ఉండదు. పారేయాలి. నాది పసుపుగానే ఉంది.

సీటు వచ్చి నొక్కుకునే ఇత్తడి అంచుని భూతద్దంలో చూశాను. వెంట్రుకంత గీత ఉన్నా గాలి కారుతుంది. అంచు శుభ్రంగా ఉంది, ఒకచోట పాత సీటు ముక్క అతుక్కుని ఉంటే చెక్క పుల్లతో తీశాను. ఇక్కడ ఉక్కు పనిముట్టు వాడకూడదు.

తర్వాత బర్స్ట్ డిస్క్. ఒత్తిడి హద్దు దాటితే ట్యాంకు పగలకుండా ముందు తాను పగిలి గాలి వదిలే పల్చటి రేకు ఇది. చాలా పాత వాల్వుల్లో దీనికి సీసం నింపిన ప్లగ్ ఉండేది, ఈ వాల్వ్‌లో కూడా అదే. తీసేసి, ఇదే వాల్వ్ మరకి సరిపోయే కొత్త తరహా ప్లగ్, రేకు, రాగి వాషరు పెట్టాను. రేకు ట్యాంకు టెస్ట్ ఒత్తిడిని బట్టి ఎంచుకోవాలి. 3000 పీఎస్ఐ అల్యూమినియం ట్యాంకు రేకు 5000 టెస్ట్ ఒత్తిడి కోసం చేసింది, అది తెచ్చి 3750 టెస్ట్ ఒత్తిడి ఉన్న 72కి పెడితే రేకు ఉండీ లేనట్టే. రెండు రేకులు ఒకదాని మీద ఒకటి పెట్టి ఎక్కువ నింపేవాళ్లు కూడా ఉన్నారు, ఆ ట్యాంకు ఉన్న గదిలో నేను నిలబడను.

ఓ-రింగులకి వేలి చివర అంటినంత సిలికాన్ గ్రీజు రాశాను, మెరుపు కనబడితే చాలు, ముద్ద కనబడకూడదు. మామూలు గాలికే ఇది. ఆక్సిజన్ ఎక్కువున్న మిశ్రమం నింపేటట్టయితే సిలికాన్ పనికిరాదు, ఆక్సిజన్‌కి సరిపడే ప్రత్యేక గ్రీజు కావాలి, శుభ్రం చేసే పద్ధతి కూడా వేరు. మెడ ఓ-రింగ్ 214 సైజు, రెగ్యులేటర్ ముఖం దగ్గరిది 014. వాల్వ్‌ని చేత్తోనే చివరిదాకా తిప్పి, తర్వాత పానాతో కొద్దిగా బిగించాను. సీల్ చేసేది ఓ-రింగ్, మన కండ బలం కాదు. అడుగున దిగే గొట్టం మర్చిపోకూడదు. తలకిందులైనప్పుడు తుప్పు పొడి, నీటి చుక్క రెగ్యులేటర్‌లోకి పోకుండా ఆపేది అదే.

బయట

దీని గురించి ఎక్కువ రాయను. ట్యాంకు అడుగుకి తొడిగిన పాత ప్లాస్టిక్ బూటు తీస్తే కింద ఉప్పు గట్టిపడి ఉంది, జింక్ పూత ఒక వలయంలా పోయి ఎర్రగా ఉంది. వైర్ బ్రష్‌తో రుద్ది, కడిగి, ఆరబెట్టి, జింక్ ఎక్కువున్న పెయింట్ ఆ వలయం వరకే వేశాను. మిగతా గాల్వనైజ్ పూత మచ్చలతోనే ఉంచాను, అది ఇన్నేళ్లూ తన పని తాను చేసింది. ఓవెన్‌లో కాల్చే పౌడర్ కోటింగ్ వద్దు, వేడిచేసి గట్టిపరిచిన ఉక్కుని మళ్లీ వేడి చేయకూడదు. ఈ ట్యాంకుల అడుగు గుండ్రం, బూటు లేకుండా నిలబడవు, కాబట్టి నీళ్లు కారిపోయేలా గాడులున్న కొత్త బూటు వేశాను. ప్రతి డైవ్ తర్వాత దాన్ని తీసి కడగాలి.

నింపడం, నీళ్లలోకి దిగడం

నింపేటప్పుడు లివర్ కిందికే ఉండాలి. మెల్లగా నింపించాను, వేడెక్కితే గేజ్ ఎక్కువ చూపిస్తుంది, చల్లారాక తగ్గిపోతుంది. నిండాక వాల్వ్ దాకా నీళ్లలో ముంచి చూశాను. మెడ దగ్గర, బర్స్ట్ డిస్క్ దగ్గర, స్టెమ్ దగ్గర, లివర్ దగ్గర ఒక్క బుడగ లేదు. కొన్ని రోజులు వదిలేసి మళ్లీ గేజ్ పెట్టాను, ముల్లు అక్కడే ఉంది.

నీళ్లలో దీని గుణం వేరు. నిండుగా ఉన్నప్పుడు లోపలి గాలి బరువే సుమారు 2.5 కిలోలు, ఆ గాలి పోయేకొద్దీ ఏ ట్యాంకైనా తేలికవుతుంది. మామూలు అల్యూమినియం 80 ట్యాంకు ఖాళీ అయ్యేసరికి దాదాపు 2 కిలోల మేర పైకి తేలుతుంది, దాన్ని అణచడానికి నడుముకి సీసం వేసుకోవాలి. స్టీల్ 72 ఖాళీ అయ్యాక కూడా తేలకుండా, మునగకుండా దాదాపు మధ్యలో ఉంటుంది. బెల్టు నుంచి సీసం ముక్కలు తీసేశాను, డైవ్ చివర తక్కువ లోతులో ఆగి నిలబడినప్పుడు వీపు పైకి లాగడం లేదు. సన్నటి ట్యాంకు కావడంతో పక్కలకి దొర్లించదు కూడా. ఈ ఒక్క సుఖం కోసమే ఇంత పని చేయొచ్చు అంటాను నేను.

గాలి లెక్క ముందే వేసుకున్నాను. 2250కి నింపితే సుమారు 1830 లీటర్లు. 35 బార్ కదపకుండా ఉంచితే వాడుకోవడానికి 1400 లీటర్లు. ఉపరితలం మీద నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషి 10 మీటర్ల లోతులో 40 పీలుస్తాడు, అంటే 35 నిమిషాలు. తాపీగా చూస్తూ తిరగడానికి అది చాలు.

జె-వాల్వ్‌ని రిజర్వ్‌గా నమ్ముకోవడం లేదు. లివర్ దేనికైనా తగిలి ముందే కిందికి దిగిపోతే డైవర్‌కి తెలియదు, రిజర్వ్ ఉందనుకుంటూనే దాన్ని కూడా పీల్చేస్తాడు. పాత రోజుల్లో ఇదే దీని పెద్ద లోపం. నేను గేజ్ పెట్టుకుని, లివర్ కిందికే ఉంచి దిగుతాను. కానీ అది పనిచేస్తోందో లేదో చూడాలనిపించింది. ఈత కొలనులో, నిలబడితే తల పైకి వచ్చే లోతులో, తమ్ముడు పక్కన ఉండగా, ట్యాంకు తగ్గించి లివర్ పైకి పెట్టి పీల్చాను. గేజ్ 300 దరిదాపుల్లోకి రాగానే ఊపిరి బిగిసింది, ఒక్కసారిగా కాదు, ప్రతి ఊపిరికీ కాస్త కాస్త ఎక్కువగా. చువ్వ లాగాను. లోహం లోహాన్ని తాకిన చిన్న టక్ వినిపించి గాలి మళ్లీ మామూలుగా వచ్చింది. 1964 నాటి స్ప్రింగు అది.

ఇప్పుడు దాచే పద్ధతి: నిలబెట్టి, 20 బార్ దాకా మాత్రమే ఉంచి. పూర్తి ఒత్తిడిలో లోపలి ఆక్సిజన్ సాంద్రత ఎన్నో రెట్లు ఎక్కువ, లోపల ఒక్క తడి చుక్క ఉన్నా తుప్పు అంత వేగంగా పడుతుంది. అలా అని పూర్తిగా ఖాళీ చేసి వాల్వ్ తెరిచి పెడితే బయటి తేమ లోపలికి పోతుంది.

తర్వాతి పని పసుపుదాని కె-వాల్వ్. ట్యాంకు పోయినా వాల్వ్ బాగుంది, ఇత్తడిలో గులాబీ మచ్చ లేదు. స్టెమ్ తిరిగేటప్పుడు ఒకచోట పట్టేస్తోంది, విప్పి చూడాలి. దానికి కూడా 72కి తగిన రేకు పెట్టి, బూడిదదానికి అదనపు వాల్వ్‌గా ఉంచుతాను. రేకు, రాగి వాషరు ఆర్డర్ పెట్టాను, రాగానే మొదలుపెడతాను.